మాక్ ట్రయల్‌లో జ్యూరీ ముందు 8 నిమిషాలు: ఎక్కడ ఏడిపించాలి, ఎక్కడ లెక్క చెప్పాలి?

సింధు_లా | శుక్రవారం, రాత్రి 10:42

అందరికీ నమస్కారం. నేను గుంటూరులో లా ఫైనలియర్. వచ్చే వారం కాక ఆపై ఆదివారం విజయవాడలో మాక్ ట్రయల్ పోటీ ఉంది. ఇప్పటిదాకా నేను చేసినవన్నీ మూట్ కోర్టులే. ముందు జడ్జీలు కూర్చుంటారు, సెక్షన్లూ తీర్పులూ చెప్పి బయటపడతాం. ఈసారి నిర్వాహకులు జ్యూరీ పెట్టారు. ఏడుగురు, ఒక్కరికీ లా తెలియదు. ఊళ్లో మామూలు మనుషుల్ని పిలుస్తున్నారట. నాది డిఫెన్స్, అంటే ముద్దాయి తరఫు, ముగింపు వాదనకి 8 నిమిషాలు.

కేసు ఇదీ (కల్పితమే, నిర్వాహకులు ఇచ్చింది). ఒక మిర్చి కమీషన్ కొట్టు గోడౌన్ నుంచి రాత్రిపూట 30 టిక్కీలు (మిర్చి బస్తాలు) పోయాయి. కరెంటు పోయి సీసీ కెమెరా 1:10 నుంచి 1:35 వరకూ పనిచేయలేదు. దొంగతనం ఆ మధ్యలోనే జరిగిందని ఇరుపక్షాలూ ఒప్పుకున్నాయి. గోడౌన్ తాళంచెవి గుమాస్తా దగ్గర ఉంటుంది. రోడ్డు అవతలి వాచ్‌మన్, "గుమాస్తాలాంటి మనిషి, ఒక్కడే, మూట మోస్తూ కనపడ్డాడు" అని సాక్ష్యం చెప్పాడు. మర్నాడు గుమాస్తా ఇంట్లో 60,000 రూపాయలు దొరికాయి. చీటీ పాడిన డబ్బు అంటాడు, చీటీ పుస్తకం మాత్రం లేదు. పోయిన సరుకు విలువ 1,80,000. సరుకు దొరకలేదు. ముద్దాయి ఆ గుమాస్తానే.

క్లాసులో ఈథోస్, పేథోస్, లోగోస్ అని మూడూ చెప్పారు. అంటే మాట్లాడే మనిషి మీద నమ్మకం, వినేవాళ్ల మనసు కదిలించడం, తర్కం. పరీక్షలో అయితే రాసేస్తాను. మాట్లాడేటప్పుడు ఎలా కలపాలో తెలియట్లేదు. నా మొదటి డ్రాఫ్ట్ ఇలా మొదలవుతుంది:

"గౌరవనీయులైన జ్యూరీ సభ్యులారా! ఒక నిరుపేద తండ్రి కన్నీళ్లు మీ ముందు నిలబడ్డాయి. న్యాయదేవత కళ్లకు గంతలు కట్టుకున్నా ఆమె గుండె మాత్రం చూస్తూనే ఉంటుంది. నేడు మీరిచ్చే తీర్పు ఒక కుటుంబం భవిష్యత్తును నిర్ణయిస్తుంది. ఒక అమాయకుడి ఆక్రందన మీకు వినపడటం లేదా?"

మొహమాటపడకుండా చెప్పండి.

కృష్ణలంక_కుర్రోడు | శుక్రవారం, రాత్రి 10:58

వినపడింది అక్కా. పక్కింటివాళ్లకి కూడా వినపడింది.

రిటైర్డ్_పీపీ_నగరంపాలెం | శనివారం, ఉదయం 6:15

అమ్మాయ్ సింధూ, ఆ నాలుగు వాక్యాలూ మళ్లీ చదువుకో. వాటిలో టిక్కీ లేదు, గోడౌన్ లేదు, గుమాస్తా లేడు. హత్య కేసులో ముద్దాయికీ చెప్పొచ్చు, టికెట్టు లేకుండా తెనాలి ప్యాసింజర్ ఎక్కినవాడికీ చెప్పొచ్చు. ఏ కేసుకైనా సరిపోయే మాట నీ కేసుకి పనికిరాదు.

నాకు జరిగింది చెప్తాను. సర్వీసులో కొత్త. సెషన్స్ కోర్టులో వరకట్నం చావు కేసు, నాది ప్రాసిక్యూషన్. రాత్రంతా కూర్చుని రాసుకున్నాను. "పైశాచికం", "అమానుషం", "లేత మొగ్గ", ఇలాంటివి ఓ పాతిక పడ్డాయి. వాదన మొదలుపెట్టిన మూడో నిమిషంలో జడ్జిగారు పెన్నుకి మూత పెట్టేశారు. నన్నేమీ అనలేదు, పాపం మర్యాదస్తుడు. అలా చూస్తూ కూర్చున్నారు. నాకు చెమటలు పట్టి కాగితాలు తిరగేస్తుంటే, చనిపోయిన అమ్మాయి తల్లి వాంగ్మూలం చేతికొచ్చింది. అందులో ఒక లైను ఉంది. "సంక్రాంతికి వచ్చినప్పుడు చెప్పుల్లేకుండా వచ్చింది, ఎందుకే అంటే తెగిపోయాయంది, పండగ మూడు రోజులూ గుమ్మం దాటలేదు." అది చదివి ఊరుకున్నాను. జడ్జిగారు మూత తీశారు.

పేథోస్ అంటే నాకు తెలిసింది అదే. నువ్వు ఏడవక్కర్లేదు. చెప్పులు చూపిస్తే చాలు.

నీ గుమాస్తాకి చెప్పుల్లాంటిది ఏముందో కేసు కాగితాల్లో వెతుకు. లేకపోతే లేదు, కల్పించకు. రికార్డులో లేని మాట ఒక్కటి దొర్లినా అవతలివాడు లేచి నిలబడతాడు, ఆ తర్వాత నువ్వు చెప్పిన నిజాలు కూడా నమ్మరు.

కృష్ణలంక_కుర్రోడు | శనివారం, ఉదయం 9:20

సార్, గౌరవంతోనే అడుగుతున్నా. మీరు చెప్పింది జడ్జి సంగతి. జడ్జి రోజూ చూస్తాడు కాబట్టి విసుగు. జ్యూరీ అలా కాదుగా? నానావతి కేసులో ఏమైంది? తెల్ల యూనిఫాం వేసుకున్న నేవీ ఆఫీసరు, భార్య ప్రియుణ్ని కాల్చి చంపిన మోసపోయిన భర్త, పేపర్ల నిండా సానుభూతి. తొమ్మిది మంది జ్యూరీలో ఎనిమిది మంది నిర్దోషి అన్నారు. అదంతా ఈథోసూ పేథోసే కదా. ఆ దెబ్బకే మన దేశంలో జ్యూరీ ఎత్తేశారు కూడా.

రిటైర్డ్_పీపీ_నగరంపాలెం | శనివారం, ఉదయం 10:05

సగం చెప్పావు బాబూ. మిగతా సగం నేను చెప్తాను.

కాల్పులు జరిగింది 1959 ఏప్రిల్ 27న. జ్యూరీ 8-1తో నిర్దోషి అన్న మాట నిజమే. కానీ సెషన్స్ జడ్జి ఆ తీర్పుతో ఏకీభవించలేదు. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ సెక్షన్ 307 కింద బాంబే హైకోర్టుకి పంపాడు. హైకోర్టు యావజ్జీవం వేసింది, 1961 నవంబరు 24న సుప్రీంకోర్టు ఖాయం చేసింది. అంటే సానుభూతితో గెలిచిన కేసు పైకోర్టులో నిలబడలేదు. 1964లో క్షమాభిక్ష వచ్చింది, అది వేరే కథ.

నీకు చెప్పాల్సిన అసలు విషయం తువ్వాలు. పెనుగులాటలో తుపాకీ పేలిందని డిఫెన్స్ కథ. చనిపోయిన ప్రేమ్ ఆహుజా అప్పుడే స్నానం చేసి తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు. ఇద్దరు మగవాళ్లు తుపాకీ కోసం కలబడితే నడుముకున్న తువ్వాలు ఉంటుందా? శవం మీద అది ఊడకుండా అలాగే ఉంది. ఒక్క తువ్వాలు పెనుగులాట కథనంతా పడగొట్టింది. దీనికి లా చదవక్కర్లేదు, తువ్వాలు కట్టుకున్న ప్రతివాడికీ తెలుసు.

ఇక "ఆ దెబ్బకే ఎత్తేశారు" అనేది అందరూ అనే మాట. జ్యూరీ తీసేయమని లా కమిషన్ 14వ నివేదిక 1958లోనే చెప్పింది, అంటే నానావతి తుపాకీ పట్టుకోవడానికి ముందే. చాలా రాష్ట్రాల్లో అప్పటికే వాడకం తగ్గిపోయింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన 1973 కోడ్‌లో జ్యూరీ ఊసే లేదు. ఇప్పుడు మిగిలిందల్లా పార్శీల విడాకుల కోర్టుల్లో జ్యూరీలా కూర్చునే డెలిగేట్లు.

డాలస్_బెజవాడ | శనివారం, సాయంత్రం 5:40

పటమట నుంచి వచ్చి ఇక్కడ అమెరికాలో స్థిరపడ్డాను. రెండేళ్ల క్రితం జ్యూరీ డ్యూటీ పడింది, కారు ప్రమాదం కేసు, నాలుగు రోజులు కూర్చున్నాను. ఆ కుర్చీలో నుంచి ఎలా కనిపిస్తుందో చెప్తా.

మొదటి రోజే జడ్జి మాకు చెప్పిన మాట: లాయర్లు చెప్పేది సాక్ష్యం కాదు. ప్రతి పూటా ఏదో రూపంలో అదే గుర్తుచేస్తుంది. కాబట్టి లాయరు లేచి నిలబడగానే మా బుర్రలో "ఇతను అమ్ముతున్నాడు" అనే గంట మోగుతూనే ఉంటుంది.

దెబ్బ తగిలినావిడ లాయరు చివర్లో మా వైపు తిరిగి, "ఒక్క క్షణం మీరే ఆ కార్లో ఉన్నారనుకోండి, ఈ నొప్పికి మీరైతే ఎంత అడుగుతారు?" అన్నాడు. అవతలి లాయరు అబ్జెక్షన్ అంటూ లేచాడు. జడ్జి ఒప్పుకుని ఆ మాట పట్టించుకోవద్దని మాకు చెప్పింది. తర్వాత చదివి తెలుసుకున్నా, ఇక్కడ చాలా కోర్టుల్లో జ్యూరీని బాధితుల స్థానంలో కూర్చోబెట్టి అడగడం నిషేధం, దానికి గోల్డెన్ రూల్ అని పేరు కూడా ఉంది. "నా క్లయింటు నిర్దోషి అని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను" అనడం కూడా కుదరదు. లాయరు నమ్మకం కూడా సాక్ష్యం కాదు కదా.

సింధు, నీ పోటీ నిబంధనల్లో ఈ రెండూ ఉన్నాయేమో చూసుకో.

ఇంకొకటి. మేం లాయర్లని వాదించేటప్పుడు కంటే ఊరికే కూర్చున్నప్పుడు ఎక్కువ చూశాం. ఒకాయన సాక్షి మాట్లాడుతుంటే వెకిలిగా తల ఊపుతుండేవాడు. లంచ్‌లో అందరం దాని గురించే.

తెనాలి_తర్కం | శనివారం, రాత్రి 8:12

కాలేజీలో ఫిలాసఫీ చెప్పేవాణ్ని, ఇప్పుడు ఖాళీ. అందుకని కాస్త పొడుగ్గా రాస్తున్నా, భరించండి.

ఈ మూడింటినీ ఉప్పూ కారం పులుపు లాగా తలా ఒక చెంచా అని నేర్పిస్తున్నారు. అరిస్టాటిల్ అలా అనలేదు. అసలు మొదలే ఫిర్యాదుతో పెట్టాడు. వాదన గురించి రాసేవాళ్లంతా జడ్జీలకి కోపం, జాలి తెప్పించడం ఎలాగో రాస్తున్నారు తప్ప రుజువు గురించి రాయట్లేదన్నాడు. అలా చేయడం, కొలిచే బద్దనే ముందు వంచేసి తర్వాత దాంతో కొలవడం లాంటిదన్నాడు. అయితే ఆ తర్వాత ఉద్వేగాల మీద ఎంతో వివరంగా తనే రాశాడు. కోపం రావాలంటే ఎవరి మీద, ఎందుకు, ఏ స్థితిలో అనే మూడూ తెలియాలంటాడు. "ఆక్రందన" అనే మాటలో ఈ మూడూ లేవు, అందుకే సింధు డ్రాఫ్ట్ వింటే ఏమీ కలగదు.

ఈథోస్ గురించి కూడా అంతే. వక్తకి ముందునుంచీ ఉన్న పేరు కాదు, ఆ ప్రసంగంలోనుంచి పుట్టే నమ్మకం అన్నాడు. విద్యార్థికి ఇంతకంటే మంచి వార్త ఏముంది? నీ పేరు ఎవరికీ తెలియకపోయినా పర్లేదు.

నాకు అన్నిటికంటే ఇష్టమైనది నాలుగోది, క్లాసుల్లో వదిలేసేది. ఎంథిమీమ్. వాదనలో ఒక మెట్టు చెప్పకుండా వదిలేస్తే వినేవాడు తనంతట తాను ఎక్కుతాడు. మన న్యాయదర్శనంలో (పాత తర్కశాస్త్రంలో) వాదనకి అయిదు అవయవాలు ఉన్నాయి కదా: ప్రతిజ్ఞ, హేతువు, ఉదాహరణ, ఉపనయం, నిగమనం. కొండ మీద నిప్పుంది, ఎందుకంటే పొగ ఉంది, పొగ ఉన్నచోట నిప్పుంటుంది, వంటింట్లో లాగా... ఇలా అయిదూ శాస్త్రచర్చలో చెప్పాలి. వీధిలో మాత్రం "అదుగో పొగ" అంటే చాలు, బిందె పట్టుకుని పరిగెత్తేది వాళ్లే. పీపీ గారి తువ్వాలు అలాంటిదే.

సోక్రటీస్ సంగతి ఒక్క ముక్క. క్రీ.పూ. 399. ఆయన్ని విచారించింది సుమారు 500 మంది జ్యూరీ. పెళ్లాం పిల్లల్ని తెచ్చి ఏడిపించడం అక్కడ మామూలే. నాకూ ముగ్గురు కొడుకులున్నారు, తీసుకురాను అన్నాడు. 30 ఓట్లు ఇటు మారి ఉంటే బయటపడేవాడు. పిల్లల్ని తెచ్చుంటే ఆ 30 వచ్చేవేమో, నాకు ఇప్పటికీ తేలదు.

మిర్చి_మావయ్య | ఆదివారం, ఉదయం 7:30

అమ్మా, నాకు అరిస్టాటిల్ తెలియదు. యార్డులో పాతికేళ్లుగా కమీషన్ కొట్టు ఉంది. 30 టిక్కీలు అంటున్నారు. టిక్కీ 40 కిలోలకి తగ్గదు. అంటే 1,200 కిలోలు. 25 నిమిషాల్లో 30 అంటే 50 సెకన్లకొకటి. గోడౌన్ లోపల నెట్టులోంచి (పేర్చిన వరసలోంచి) తీయాలి, గుమ్మం దాకా మోయాలి, బండిలో పడెయ్యాలి, మళ్లీ వెనక్కి రావాలి. కరెంటు లేని చీకట్లో. ఒక్కడు చేస్తే వాడికి నేను రేపట్నుంచి డబుల్ కూలీ ఇస్తా.

పైగా గుమాస్తా అంటున్నారు. మా గుమాస్తా కాటా చీటీ పుస్తకం మోయడానికే నడుం పట్టేసిందంటాడు.

సింధు_లా | ఆదివారం, ఉదయం 8:02

మావయ్య గారూ!!! ఈ లెక్క నాకు తట్టనే లేదు. ఇదే పెడతాను. ఇంకొకటి కూడా ఉంది. పోయింది 1,80,000 సరుకు, దొరికింది 60,000. మిగతా 1,20,000 ఏది? దొంగ అయితే మొత్తం ఉండాలి కదా?

గవర్నర్‌పేట_జూనియర్ | ఆదివారం, ఉదయం 11:45

సింధూ, ఆగు. ఆ రెండో పాయింటు అస్సలు ముట్టుకోకు.

1,80,000లో 60,000 ఎంత? సరిగ్గా మూడో వంతు. నువ్వు "మిగతాది ఏది" అని అడగగానే ఏడుగురిలో ఒక్కరైనా "ముగ్గురు పంచుకున్నారు" అనుకుంటారు. ప్రాబ్లం రాసినవాళ్లు కావాలనే అలా పెట్టారని నా అనుమానం. నువ్వడిగిన ప్రశ్నకి జవాబు నీకు వ్యతిరేకంగా ఉంటే ఆ ప్రశ్న అడగకూడదు. క్రాస్‌లో (సాక్షిని ఎదురు ప్రశ్నలు వేసేటప్పుడు) అయినా అంతే, క్లోజింగ్‌లో (ముగింపు వాదనలో) అయినా అంతే. మా సీనియర్ దగ్గర చేరిన మొదటి నెలలో ఇలాంటి ప్రశ్న అడిగి తిన్న తిట్లు ఇంకా చెవుల్లో ఉన్నాయి.

మావయ్య గారి 50 సెకన్ల లెక్క బావుంది, కానీ అది కూడా ఒంటరిగా నిలబడదు. అవతలి పీపీ (ప్రభుత్వ వకీలు) లేచి, "ఒక్కడే అని ఎవరన్నారు? హమాలీలని పెట్టుకున్నాడు" అంటాడు. అప్పుడేం చేస్తావ్? ఒక్కడే అన్నది వాళ్ల సాక్షే, వాచ్‌మనే. నీ లెక్కకి ఆధారం అతని మాట. అంటే వాచ్‌మన్‌ని నువ్వు అబద్ధాలకోరు అనడానికి వీల్లేదు. అదే సమయంలో అతను గుర్తుపట్టింది తప్పనీ చెప్పాలి. నీ కేసులో చిక్కంతా ఇక్కడే ఉంది, ఈథోస్ పేథోస్‌లో లేదు.

రిటైర్డ్_పీపీ_నగరంపాలెం | ఆదివారం, మధ్యాహ్నం 12:30

భేష్. ఈ జూనియర్ ఎవరో గానీ త్వరలో సీనియర్ అవుతుంది.

చిక్కు విప్పడం కష్టమేమీ కాదు. వాచ్‌మన్ చూసింది చెప్పాడు. చూసింది ఒక మనిషిని, ఒక మూటని. మొహం చూశానని అతను అనలేదు. "గుమాస్తాలాంటి" అన్నాడు. ఆ "లాంటి" అతని నిజాయితీ. నువ్వు అతన్ని మెచ్చుకో. "గుమాస్తాలాంటి అని మాత్రమే అన్నాడు, చూడనిది చూశానని చెప్పలేదు" అను. అవతలి సాక్షిని గౌరవించే లాయర్ని జ్యూరీ నమ్ముతుంది. అదే నీ ఈథోస్, వేరే తెచ్చుకోనక్కర్లేదు.

60,000 సంగతి దాచకు. నువ్వు చెప్పకపోతే వాళ్లు చెప్తారు, అప్పుడు దాచినట్టు ఉంటుంది. రెండో నిమిషంలోనే ఒక్కసారి చెప్పెయ్: "చీటీ పుస్తకం మేం చూపించలేకపోయాం." మన వీధి చీటీలకి పుస్తకాలు ఎక్కడుంటాయో జ్యూరీకి తెలుసు. ఒక్కసారే. రెండోసారి ఆ అంకె నీ నోట్లోంచి రాకూడదు.

కృష్ణలంక_కుర్రోడు | ఆదివారం, మధ్యాహ్నం 1:10

ఒక ప్రాస ఇస్తున్నా, ఫ్రీగా వాడుకో అక్కా: "మోయలేని మూటకి మోపకండి నేరం!" అమెరికాలో హత్య కేసు ముద్దాయి ఓజే సింప్సన్ లాయరు, గ్లవ్ చేతికి పట్టకపోతే వదిలెయ్యాలని ప్రాస కట్టి గెలిచాడుగా.

డాలస్_బెజవాడ | ఆదివారం, సాయంత్రం 6:25

ప్రాస బావుంది గానీ, ఆ లాయరు కాక్రన్ ఆ మాట అనేసరికి జ్యూరీ గ్లవ్‌ని కళ్లతో చూసి మూడు నెలలైంది. 1995 జూన్‌లో ప్రాసిక్యూషన్ వాళ్లే సింప్సన్‌తో తొడిగించారు, పట్టలేదు. సెప్టెంబర్లో ఈయన దానికి ప్రాస కట్టాడు. చూసినదాన్ని గుర్తుచేసే ప్రాస వేరు, చూడనిదాన్ని నమ్మించే ప్రాస వేరు. ఈ జ్యూరీ ఎవరూ టిక్కీ ఎత్తడం చూడలేదు.

సింధు_లా | బుధవారం, రాత్రి 11:30

సార్, అక్కా, మావయ్య గారూ, అందరి మాటా విని మళ్లీ రాశాను. మొదలు ఇలా:

"నమస్కారం. ఆ రాత్రి వాచ్‌మన్ ఒక మనిషిని చూశాడు. ఒక మూటని చూశాడు. మొహం చూశానని మీతో చెప్పలేదు, చెప్పి ఉండొచ్చు, చెప్పలేదు. కాబట్టి అతని మాట నేను నమ్ముతున్నాను, మీరూ నమ్మండి. ఒక్కడే అన్నాడు. పోయినవి 30 టిక్కీలు. టిక్కీ 40 కిలోలు. కరెంటు లేనిది 25 నిమిషాలు."

తర్వాత చీటీ పుస్తకం ఒప్పుకోలు. తర్వాత తాళంచెవి. కేసు కాగితాల్లో చెప్పుల్లాంటిది ఒకటి దొరికింది సార్! పోలీసులు వచ్చినప్పుడు గుమాస్తా కొట్లోనే ఉన్నాడు, పోయిన టిక్కీల నంబర్లు రాసిచ్చింది అతనే. ఆ పట్టీనే చార్జిషీటుకి జతచేశారు. దొంగే జాబితా రాసిచ్చాడన్నమాట.

రిటైర్డ్_పీపీ_నగరంపాలెం | గురువారం, ఉదయం 6:02

ఆ చివరి వాక్యం కొట్టెయ్. "జాబితా రాసిచ్చింది ముద్దాయే" అని ఆపు. దొంగే అన్నమాట డిఫెన్స్ నోట రాకూడదు, వ్యంగ్యంగా అయినా సరే. "నేను నమ్ముతున్నాను" కూడా తీసెయ్, డాలస్ ఆయన చెప్పాడుగా. మిగతాది బావుంది. చాలా బావుంది.

పద్యనాటకం_పిచ్చోడు | గురువారం, రాత్రి 9:15

ఇప్పుడే చూశాను ఈ చర్చ. పరిషత్తు నాటకాలు ఆడేవాణ్ని, మాట పలకడం గురించి నాలుగు మాటలు.

"టిక్కీ 40 కిలోలు. 25 నిమిషాలు." ఇక్కడ ఆగాలి. మనసులో అయిదు లెక్కపెట్టు. స్టేజి మీద అయిదు సెకన్లు అయిదు గంటల్లా ఉంటాయి, కంగారుపడి నింపేస్తావ్. నింపకు. వాళ్లు లోపల గుణించుకుంటుంటారు. 50 సెకన్లకొకటి అని నువ్వు ఆ తర్వాత చెప్పాలి, వాళ్ల లెక్క సరిచూసినట్టు.

ఏడుపు గురించి పైన పెద్దవాళ్లు చెప్పింది నిజం. కురుసభలో ద్రౌపదిని చూడండి. జుట్టు పట్టి ఈడ్చుకొచ్చిన ఆడమనిషి, నిండుసభ. అక్కడ ఆవిడ అడిగింది లా పాయింటు. తనని పణం పెట్టేసరికి ధర్మరాజు తనని తాను ఓడిపోయి ఉన్నాడా లేదా? ఓడిపోయినవాడికి నన్ను పెట్టే హక్కు ఎక్కడిది? భీష్ముడంతటివాడు ధర్మం సూక్ష్మమమ్మా అని నసిగాడు. ఆ పాత్ర వేసినవాళ్లు అరిచి ఏడిస్తే చప్పట్లు పడతాయి. ఆ ప్రశ్న నెమ్మదిగా అడిగితే హాల్లో చీమ చిటుక్కుమన్నా వినపడుతుంది. రెండూ చూశాను.

కాగితం చేత్తో పట్టుకోకు, వణుకు కనపడుతుంది.

సింధు_లా | సోమవారం, ఉదయం 10:20

అయిపోయింది. నిన్న సాయంత్రం ఆఖరి బస్సులో వచ్చి పడుకున్నా. కేసు గెలిచాం, 5-2. ఉత్తమ వక్త మాత్రం అవతలి టీం పీపీకి ఇచ్చారు, అతను నిజంగానే బాగా మాట్లాడాడు.

అసలు విషయం చెప్తా. వాదనలయ్యాక జ్యూరీ చర్చని మా ముందే పెట్టారు, మేం గోడవారగా కూర్చుని నోరెత్తకుండా వినాలి. జ్యూరీలో ఒక రిటైర్డ్ టీచరు, ఒక ఆటో ఆయన, బ్యాంకులో చేసే ఒకావిడ, ఇద్దరు డిగ్రీ పిల్లలు, టైలరింగ్ షాపు ఆయన. ఏడో ఆవిడకి యాభై దాటుంటాయి, మొదట్నుంచీ ఏమీ మాట్లాడలేదు. టీచరు గారు నా 50 సెకన్ల లెక్క కాగితం మీద వేసి, "కష్టమే గానీ, బలమైన మనిషైతే చెయ్యగలడేమో" అంటున్నారు. నా గుండె జారిపోయింది. అప్పుడు ఆవిడ, "మూట ఎవరెత్తారు?" అంది.

అందరూ ఆవిడ వైపు తిరిగారు. వాళ్లాయన గోడౌన్లలో హమాలీగా చేశాడట. "టిక్కీ వీపు మీదికి ఎవడంతట వాడు ఎత్తుకోలేడండీ. ఒకడు ఎత్తిపెట్టాలి, ఒకడు మొయ్యాలి. ఒకటీ రెండైతే ఎలాగో లాక్కుంటాడు. ముప్పయ్యా?" అంది. లేచి నిలబడి వంగి చూపించింది కూడా, మోకాలి మీదికి ఎలా తీసుకోవాలో, ఎక్కడ ఆగిపోతుందో. టీచరు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. మూడు ఓట్లు అక్కడే మారాయి.

నా 8 నిమిషాల్లో ఆ మాట లేదు.

మిర్చి_మావయ్య | సోమవారం, ఉదయం 10:41

అయ్యో! అది నేను చెప్పాల్సింది అమ్మా. రోజూ కళ్ల ముందు జరిగేదే, ఎత్తేవాడు ఎత్తుతాడు, మోసేవాడు మోస్తాడు. చూసీ చూసీ కనపడటం మానేసింది.

తెనాలి_తర్కం | సోమవారం, ఉదయం 11:15

నువ్వు చెప్పకపోవడమే మంచిదైందేమో. నువ్వు చెప్పుంటే లాయరు మాట. ఆవిడ చెప్పింది కాబట్టి వాళ్ల మాట.

గవర్నర్‌పేట_జూనియర్ | సోమవారం, ఉదయం 11:22

తర్కం గారూ, ఒప్పుకోను. ఆ ఏడో కుర్చీలో ఇంకో బ్యాంకు ఆవిడ కూర్చుని ఉంటే? చెప్పకుండా వదిలే మెట్టు వినేవాళ్లందరికీ అందాలి. ఇది ఒక్కరికే అందింది. అదృష్టం మీద క్లోజింగ్ రాయలేం. నేనైతే హమాలీని ఎవర్నైనా సాక్షిగా పిలిచేదాన్ని, కుదరకపోతే వాచ్‌మన్‌ని క్రాస్‌లోనే అడిగేదాన్ని: "మూట ఎత్తిపెట్టిన మనిషి ఎవరైనా కనపడ్డారా?" అని.

కృష్ణలంక_కుర్రోడు | సోమవారం, ఉదయం 11:30

నా ప్రాస వాడావా లేదా, అది చెప్పక్కా.

సింధు_లా | సోమవారం, ఉదయం 11:34

లేదు తమ్ముడూ, సారీ.

రిటైర్డ్_పీపీ_నగరంపాలెం | సోమవారం, మధ్యాహ్నం 12:10

సంతోషం తల్లీ. అయిదు సంగతి చెప్పావు. ఆ రెండు ఓట్లు ఎందుకు పడలేదో అడిగావా?

సింధు_లా | సోమవారం, మధ్యాహ్నం 12:48

అడిగాను సార్. చెప్పకుండా తప్పించుకుందామనుకున్నా, మీరు వదలరు.

ఆగమన్నచోట ఆగాను, అయిదు లెక్కపెట్టాను. అంతా అనుకున్నట్టే నడిచి ఇంకా రెండు నిమిషాలు మిగిలాయి. టైమర్ చూశాను, అందరూ నన్నే చూస్తున్నారు, టెన్షన్ వచ్చేసింది. ఏదో ఒకటి చెప్పాలని, "దొంగతనం చేస్తే మిగతా 1,20,000 ఏమయ్యాయి?" అనేశాను. అన్న మరుక్షణం ముందు వరసలో ఆటో ఆయన పెదాలు కదిలాయి. చర్చలో ఆయన మొదటి మాటే అది. "లక్షా ఎనభైలో అరవై, ముగ్గురు వాటా. వాచ్‌మన్ కునుకు తీసి లేచి ఒక్కణ్ని చూసుంటాడు." పక్కనున్న డిగ్రీ అబ్బాయిని కూడా తనవైపు లాక్కున్నాడు. హమాలీ ఆవిడ మాట తర్వాత కూడా ఇద్దరూ కదల్లేదు. పైగా ఆయన, "మరి ఎత్తిపెట్టినవాడు రెండోవాడు, బండి నడిపినవాడు మూడోవాడు" అన్నాడు.

బయట టీ తాగుతుంటే కలిసి, "ఆ మాట నేను అనకపోయుంటే ఎటు వేసేవారండీ?" అని అడిగాను. "మీరనేదాకా నేను అరవై గురించి ఆలోచించలేదమ్మా" అన్నాడు.

గవర్నర్‌పేట_జూనియర్ | సోమవారం, మధ్యాహ్నం 12:55

సింధూ!!

రిటైర్డ్_పీపీ_నగరంపాలెం | సోమవారం, మధ్యాహ్నం 1:20

తిట్టకమ్మా జూనియర్. మిగిలిన రెండు నిమిషాలతో కూర్చోవడం నాకు పదిహేనేళ్లు పట్టింది.